ప్రాణం సంగతి సరే, నరాల సంగతి అడగండి

మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు (ఎమ్ఎస్‌కు) స్టెమ్ సెల్ (మూలకణాల) ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకుందామా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లు మా తమ్ముడి విషయం ఎవరి ద్వారానో తెలుసుకుని నాకు ఫోన్ చేస్తుంటారు. ఎక్కువమంది తల్లులు, భార్యలు, అక్కచెల్లెళ్లు. అందరూ మొదట అడిగేది ఒకటే. "ప్రాణానికేం భయం లేదు కదండీ?" ఆ తర్వాత ఖర్చెంత అయిందని అడుగుతారు. రెండూ అడగాల్సినవే. కానీ మూడో ప్రశ్న దాదాపు ఎవరూ అడగరు. ట్రాన్స్‌ప్లాంట్ అయ్యాక ఆ మనిషి కాళ్లు, చేతులు, చూపు, మాట, జ్ఞాపకశక్తి కనీసం ఇప్పుడున్నట్టయినా ఉంటాయా? కొంత తగ్గితే తిరిగొస్తుందా? రాకపోతే ఏం పోతుంది?

నా దృష్టిలో అసలు ప్రశ్న ఈ మూడోదే. ఎమ్ఎస్ అంటేనే మెదడుకు, వెన్నుపాముకు వచ్చే జబ్బు. వాటి మీద ఈ చికిత్స ఏం చేస్తుందో చూడకుండా ఎవరికి చేయాలో, ఎవరికి చేయకూడదో తేల్చలేం. అలాంటిదాన్ని జుట్టు రాలడం, వాంతులు, నోటి పూత ఉన్న జాబితాలో కింద ఎక్కడో ఒక లైన్‌గా రాసి, ఇంగ్లీషు ఫారం మీద సంతకం పెట్టించుకుని వదిలేస్తున్నారు. ఇది మారాలని నా వాదన.

ముందే చెబుతున్నాను, నేను ఈ చికిత్సకు వ్యతిరేకిని కాదు. మందులు వాడుతున్నా మా తమ్ముడికి రిలాప్స్ (జబ్బు తిరగబెట్టడం) మీద రిలాప్స్ వచ్చేది. ఒకదాని నుంచి కోలుకునేలోపు ఇంకొకటి. ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత అవి ఆగిపోయాయి. ఎమ్ఆర్ఐలో కొత్త మచ్చలు లేవు. మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ ఇదే చేయిస్తాం. చేయించాం కాబట్టే దీని గురించి నిక్కచ్చిగా మాట్లాడాలనిపిస్తోంది.

చాలామంది మనసులో ఉన్న బొమ్మ వేరు. మూలకణాలు మెదడులోకి వెళ్లి, పాడైన నరాలను బాగుచేస్తాయని అనుకుంటారు. జరిగేది అది కాదు. ఎమ్ఎస్‌లో మన రోగనిరోధక వ్యవస్థే నరాల పైన ఉండే మైలిన్ పొరను దెబ్బతీస్తుంటుంది. ట్రాన్స్‌ప్లాంట్‌లో ముందు మూలకణాలను ఎముక మజ్జ నుంచి రక్తంలోకి రప్పించి, మిషన్ ద్వారా వేరుచేసి, అతిచల్లగా గడ్డకట్టించి దాస్తారు. తర్వాత బలమైన కీమో ఇస్తారు. దానితోపాటు కుందేళ్ల నుంచో గుర్రాల నుంచో తయారుచేసే ఏటీజీ అనే యాంటీబాడీ మందు ఎక్కిస్తారు. ఈ రెండూ కలిసి, దారితప్పిన రోగనిరోధక కణాలను తుడిచిపెడతాయి. ఆపైన దాచిన మూలకణాలను తిరిగి ఎక్కిస్తే, వాటి నుంచి రక్తం, రోగనిరోధక శక్తి కొత్తగా పుట్టుకొస్తాయి. అంటే జబ్బు మీద పనిచేసేది కీమో, ఏటీజీ. మూలకణాల పని, ఆ కీమో తర్వాత మనిషిని నిలబెట్టడం. అందుకే సైడ్ ఎఫెక్టుల్లో ఎక్కువ భాగం ఆ మందులవే.

ఎమ్ఎస్ రోగికి ఇలా చేయడం మొదలైంది 1995లో, గ్రీస్‌లోని థెస్సలోనికి నగరంలో. అథనాసియోస్ ఫాసాస్ బృందం చేసింది. తొలి సంవత్సరాల్లో ప్రాణభయం నిజంగానే ఉండేది. 13 దేశాల్లోని 25 కేంద్రాల్లో 1995 నుంచి 2006 మధ్య ట్రాన్స్‌ప్లాంట్ అయిన 281 మంది వివరాలు 2017లో ప్రచురించారు. వాళ్లలో 8 మంది మొదటి వంద రోజుల్లోనే చనిపోయారు, అంటే 2.8 శాతం. రోగులను ఎంచుకోవడంలో, మందుల మోతాదుల్లో జాగ్రత్త పెరిగాక, అనుభవమున్న కేంద్రాల్లో ఇప్పుడది ఒక శాతంకంటే తక్కువకు వచ్చింది. ప్రాణం గురించిన ప్రశ్నకు ఇదీ జవాబు. దీన్ని డాక్టర్లు చక్కగానే చెబుతారు. చెప్పనిది మిగతాది.

మొదటి దశలోనే ఒక మెలిక ఉంది. మూలకణాలను రక్తంలోకి రప్పించడానికి జీ-సీఎస్ఎఫ్ ఇంజక్షన్లు ఇస్తారు. క్యాన్సర్ వార్డుల్లో రోజూ వాడే ఇంజక్షన్లే, అక్కడివాళ్లకు వాటిమీద పెద్దగా అనుమానాలుండవు. కానీ ఎమ్ఎస్ ఉన్నవాళ్లకు అవి ఒక్కటే ఇస్తే జబ్బు రేగే ప్రమాదముందని, కొందరికి నరాల లక్షణాలు తీవ్రమయ్యాయని 2000 సంవత్సరంలోనే ప్రచురించారు. అందుకే ఇప్పుడు వాటికి ముందు ఒక డోసు సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందు ఇస్తారు, లేదా స్టెరాయిడ్లు తోడు పెడతారు. బ్లడ్ క్యాన్సర్‌కు ట్రాన్స్‌ప్లాంట్లు చేయడంలో ఎంత పేరున్న ఆసుపత్రి అయినా, ఎమ్ఎస్‌కు చేసిన అనుభవం ఉందా అని విడిగా అడగాల్సింది ఇందుకే. ఇంజక్షన్ అదే. తీసుకునే మనిషి మెదడు వేరు.

ఇక ఏటీజీ. దీని దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే కుటుంబాలన్నీ బెంబేలెత్తేది ఇక్కడే.

మా తమ్ముడికి అది మొదలుపెట్టిన రోజు సాయంత్రం దాకా తనంతట తనే బాత్రూమ్‌కి నడిచి వెళ్లొచ్చాడు. ఎనిమిది దాటాక వణుకు మొదలైంది. రెండు దుప్పట్లు కప్పినా మంచం కదిలేంత వణుకు. జ్వరం 102 దాటింది. పక్కకు తిరగబోయి కుడికాలు తీయలేకపోయాడు. చేత్తో ప్యాంటు పట్టుకుని కాలు లాక్కున్నాడు. మాట ముద్దగా వస్తోంది. "అక్కా, లైటు తగ్గించావా?" అన్నాడు. లైటు తగ్గలేదు. కొన్నేళ్ల కిందట ఆప్టిక్ న్యూరైటిస్ (కంటి నరం వాపు) వచ్చి తగ్గిన కన్నులో చూపు మళ్లీ మసకబారింది. ఐసొలేషన్ గదిలోకి ఒక్కరినే రానిస్తారు కాబట్టి అమ్మ బయట ఉండి నిమిష నిమిషానికీ ఫోన్ చేస్తోంది. డ్యూటీ డాక్టరు వచ్చి చార్టు చూసి, "జ్వరం అందరికీ వస్తుందమ్మా, కంగారు పడకండి" అన్నారు. నిజమే, జ్వరం అందరికీ వస్తుంది. కాలు ఎందుకు పడిపోయిందని అడిగితే మాత్రం, "న్యూరో వాళ్లు పొద్దున్న వస్తారు" అన్నారు. ఆ రాత్రంతా మేం అనుకున్నది ఒకటే. జబ్బు తగ్గించుకుందామని వచ్చి ఉన్నది కూడా పోగొట్టుకున్నామని.

తెల్లవారుజామున జ్వరం దిగింది. పొద్దున్నకి కాలు లేచింది, మాట తేటపడింది. చూపు మధ్యాహ్నానికి వచ్చింది. న్యూరాలజిస్ట్ గారు వచ్చి ఐదు నిమిషాల్లో చెప్పారు. మైలిన్ దెబ్బతిన్న నరంలో సంకేతం అంతంతమాత్రంగా నడుస్తుంటుంది. ఒంట్లో వేడి అర డిగ్రీ పెరిగినా అది తడబడుతుంది, వేడి దిగితే మళ్లీ నడుస్తుంది. జర్మనీ కంటి డాక్టరు విల్‌హెల్మ్ ఉట్‌హాఫ్ 1890లోనే దీన్ని గమనించి రాశాడు, ఆయన పేరుతోనే పిలుస్తారు. కొత్త దెబ్బ తగల్లేదు, పాత దెబ్బలు బయటికి కనబడ్డాయంతే. మన దగ్గర ఎమ్ఎస్ ఉన్నవాళ్లకిది కొత్త విషయమేమీ కాదు. మే నెల మధ్యాహ్నం కరెంటు పోతే కాళ్లు ఎలా మొరాయిస్తాయో, వేన్నీళ్ల స్నానం చేసొచ్చాక ఎలా కూలబడతారో వాళ్లకు బాగా తెలుసు.

ఆ ఐదు నిమిషాలు ముందురోజు సాయంత్రం కేటాయించి ఉంటే? మేం అడిగేది ఇంతే. ఈ రాత్రి జ్వరం వస్తుంది, జ్వరంతో పాత లక్షణాలన్నీ తిరగబెడతాయి, జ్వరం దిగాక అవీ దిగుతాయి అని తెలుగులో నాలుగు మాటలు. దానికి ఖర్చు లేదు, పరికరాలక్కర్లేదు.

అయితే దీనికి ఇంకో వైపు కూడా ఉంది. దాన్ని కూడా అంతే గట్టిగా చెప్పాలి. ప్రతిదాన్నీ "జ్వరం వల్లే" అని కొట్టేయడం ఇంకా పెద్ద ప్రమాదం. జ్వరం దిగినా కాలు లేవకపోతే, మనిషి మాటలో పొంతన లేకపోతే, ఉన్నట్టుండి నిద్రమత్తులోకి జారిపోతుంటే, ఒళ్లు అదురుతుంటే, భరించలేని తలనొప్పి వస్తే వెంటనే వెతకాల్సిన కారణాలు వేరే ఉన్నాయి. సైక్లోఫాస్ఫమైడ్ ఇచ్చేటప్పుడు మూత్రాశయం దెబ్బతినకుండా సెలైన్ బాగా ఎక్కిస్తారు. ఆ మందుకు ఒంట్లో నీరు నిలబెట్టే గుణం ఉంది, దాంతో రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ రావచ్చు. తెల్లకణాలు లేని రోజుల్లో జ్వరానికి ఇచ్చే సెఫెపిమ్ అనే యాంటీబయాటిక్, కిడ్నీలు సరిగా పనిచేయకపోతే పేరుకుపోయి మనిషిని అయోమయంలో పడేస్తుంది. ప్లేట్‌లెట్లు బాగా తగ్గినప్పుడు తలలో రక్తస్రావం కావచ్చు. రోగనిరోధక శక్తి లేని ఒంట్లో ఇన్‌ఫెక్షన్ మెదడుకు ఎక్కవచ్చు. ఇవన్నీ అరుదే. కానీ చూడటానికి బయటికి రిలాప్స్‌లాగే, జ్వరంలాగే ఉంటాయి.

ఇక్కడ నాకు చాలా ముఖ్యమనిపించిన ఒక చిన్న విషయం చెబుతాను. ఎమ్ఎస్‌లో కాళ్లు బిగుసుకుపోకుండా చాలామంది బాక్లోఫెన్ మాత్ర వేసుకుంటారు. అది ఏళ్ల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే బిగుతు రెట్టింపై తిరిగొస్తుంది, భ్రమలు, ఫిట్స్ కూడా రావచ్చు. కీమో రోజుల్లో వాంతులు. వేసుకున్న మాత్ర లోపల నిలవదు. హెమటాలజీ (రక్త జబ్బుల) వార్డు నర్సు దృష్టిలో అది ఏదో "కండరాల మాత్ర". ఒక పూట మానేస్తే ఏమవుతుందిలే అనుకునే అవకాశం ఉంది. మరోవైపు కిడ్నీలు నెమ్మదిస్తే అదే మాత్ర ఒంట్లో ఎక్కువై మత్తు కమ్మేస్తుంది. నడక కోసం కొందరు వాడే ఫాంప్రిడిన్‌తోనూ ఇదే చిక్కు, అది మోతాదు మించితే ఫిట్స్ తెప్పిస్తుంది. ఎమ్ఎస్ రోగి ఇంటి నుంచి తెచ్చుకున్న మందుల సంచిలో ఏమున్నాయో, వాటిలో ఏది ఆపకూడదో, ఏది ఆపాలో ట్రాన్స్‌ప్లాంట్ టీమ్ మొదటి రోజే రాసిపెట్టుకోవాలి. మా తమ్ముడి విషయంలో ఇది గుర్తుచేసింది మేమే.

దాచిన కణాలు ఎక్కించే రోజున మాత్రం పెద్దగా ఏమీ జరగదు. కణాలు చెడకుండా కలిపే రసాయనం ఊపిరిలోంచి బయటికొస్తుంది కాబట్టి గదంతా వెల్లుల్లి, ఉడికిన మొక్కజొన్న కలిసిన వాసన. మా వాడు ఆ తర్వాత చాలాకాలం మొక్కజొన్న ముట్టలేదు. ఆ రసాయనానికి కూడా అరుదుగా ఫిట్స్ లాంటివి వస్తాయని అంటారు, అందుకే నెమ్మదిగా ఎక్కిస్తారు.

ఇప్పటిదాకా చెప్పినవి ఆ కొద్ది వారాల గొడవ. నేను ఎక్కువగా మాట్లాడాలనుకుంటున్నది ఆ తర్వాత మిగిలేదాని గురించి.

కీమో మందులన్నీ మెదడుకు ఒకటే కాదు. కొన్ని మెదడులోకి బాగా చొరబడతాయి. బుసల్ఫాన్ అలాంటిది. అది ఇచ్చేటప్పుడు ఫిట్స్ రాకుండా ముందే మందు మొదలుపెట్టడం ఎక్కడైనా ఉన్న పద్ధతే. కెనడాలో హెరాల్డ్ ఆట్కిన్స్, మార్క్ ఫ్రీడ్‌మన్ బృందం 24 మందికి బుసల్ఫాన్ ఉన్న చాలా బలమైన పద్ధతిలో ట్రాన్స్‌ప్లాంట్ చేసి 2016లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఫలితాలు ప్రచురించింది. ఒకరు కాలేయం దెబ్బతిని చనిపోయారు. మిగిలినవాళ్లకు ఒక్క రిలాప్స్ కూడా రాలేదు, ఒక్క కొత్త మచ్చా లేదు. అప్పటిదాకా ఏ మందుతోనూ చూడని ఫలితం. అదే రోగుల ఎమ్ఆర్ఐలలో ఇంకో సంగతి కూడా ఉంది. మొదటి నెలల్లో మెదడు పరిమాణం తగ్గే వేగం పెరిగింది. తర్వాత నెమ్మదించి, వయసుతోపాటు అందరికీ తగ్గేంతకు వచ్చి ఆగింది.

ఆ మొదటి తగ్గుదలలో కొంత భాగం, వాపు దిగడం వల్ల కనిపించేది. అది మంచిదే. కానీ మొత్తం అదే కాదు. కీమో వల్ల నరకణాలు కొన్ని నిజంగానే దెబ్బతింటాయని పరిశోధకులు చెబుతున్నారు. నరతంతువు దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి వచ్చే న్యూరోఫిలమెంట్ అనే ప్రోటీన్‌ను కొలిస్తే, ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత కొంతకాలం పెరిగి, ఆపైన మునుపటికంటే కిందకు దిగినట్టు కనిపించింది. ఈ రెంటినీ కలిపి చదవాలి. ముందు కొంత నష్టం. తర్వాత, జబ్బు ఆగిపోయినందువల్ల పెద్ద లాభం. ఎవరికైనా ఈ చికిత్స గురించి చెప్పేటప్పుడు ఈ రెండు వాక్యాలూ ఒకే ఊపిరిలో చెప్పాలి.

మా తమ్ముడు జీఎస్టీ రిటర్న్‌లు చూసే అకౌంటెంట్. పది పన్నెండు మంది క్లయింట్ల లెక్కలు నోటికి ఉండేవి. ఇప్పుడు ప్రతిదీ డైరీలో రాసుకుంటాడు. ఫోన్‌లో మాట్లాడుతూ ఇన్‌వాయిస్ చూడటం కుదరడం లేదంటాడు, ఏదో ఒకటే చేయాలి. నడక మెరుగైంది, చెయ్యి పట్టు మెరుగైంది. బుర్ర మాత్రం మునుపటి చురుకు లేదు. ఇందులో కీమోది ఎంత, అంతకుముందే ఎమ్ఎస్ తిన్నది ఎంత, నెలల తరబడి పడుకోవడం వల్ల ఎంత అని విడదీసి చెప్పగలిగినవాళ్లు లేరు. తను దీనికి బాధపడటం లేదు. "రిలాప్స్‌లు ఆగకపోయి ఉంటే డైరీ రాసే చెయ్యి ఉండేది కాదు కదక్కా" అంటాడు. ఆ మాట నిజం. కానీ ఆ సంగతి ముందే తెలిసి ఉంటే ఆఫీసుకు ముందే చెప్పుకునేవాడు, మూడు నెలల్లో పాత వేగంతో పని మొదలెడతానని మాట ఇచ్చేవాడు కాదు.

డిశ్చార్జ్ తర్వాత వచ్చేవి కూడా ఉన్నాయి. రోగనిరోధక శక్తి కోలుకునేలోపు సర్పి రావచ్చు. అది తగ్గాక కూడా ఆ చోట నరం మంట నెలల తరబడి ఉండిపోవచ్చు. ఎసైక్లోవిర్ మాత్రలు అన్నాళ్లు వాడమనేది అందుకే, ఖర్చు దండగని మధ్యలో ఆపేయకండి. అంతకుముందు నటాలిజుమాబ్ అనే ఎమ్ఎస్ మందు వాడినవాళ్ల విషయంలో జేసీ వైరస్ వల్ల మెదడుకు వచ్చే పీఎమ్ఎల్ అనే జబ్బును మొదటే పరీక్షించి పక్కన పెట్టాలి. ఇది అరుదు, వస్తే మాత్రం ఘోరం.

ఇప్పుడు నా అసలు వాదనకొస్తాను. ఈ దెబ్బలన్నీ అందరికీ ఒకేలా తగలవు. వయసులో ఉండి, జబ్బు మొదలై కొన్నేళ్లే అయి, నడవగలిగే మనిషి మెదడుకు ఇంకా వెసులుబాటు ఉంటుంది. కొన్ని దారులు మూసుకుపోయినా వేరే దారులు వెతుక్కుంటుంది. గాదెలో గింజలున్న ఇల్లు ఒక కరువును తట్టుకుంటుంది. ఇరవై ఏళ్లుగా ఎమ్ఎస్‌తో ఉండి, చక్రాల కుర్చీకి చేరిన మనిషికి ఆ గింజలు అడుగంటి ఉంటాయి. అదే జ్వరం, అదే కీమో, అదే మూడు వారాల మంచం వాళ్ల నుంచి తీసుకెళ్లేది ఎక్కువ, తిరిగిచ్చేది తక్కువ. పైగా అంత ముదిరిన దశలో జబ్బును నడిపేది రక్తం నుంచి వచ్చే వాపు కణాలు కావు. మెదడు లోపలే నెమ్మదిగా సాగే క్షీణత అది. కీమోతో తుడిచేద్దామంటే అక్కడ తుడవడానికి పెద్దగా ఏమీ ఉండదు.

మంచి ఫలితాలు ఎవరి మీద వచ్చాయో చూడండి. రిచర్డ్ బర్ట్ నాయకత్వంలో చికాగో, షెఫీల్డ్, ఉప్సాలా, సావో పాలోల్లో జరిగిన మిస్ట్ ట్రయల్ (రోగుల మీద చికిత్సను పరీక్షించే అధ్యయనం) 2019లో ప్రచురితమైంది. 110 మంది. సగం మందికి ట్రాన్స్‌ప్లాంట్, సగం మందికి మందులు. జబ్బు ముదిరింది ట్రాన్స్‌ప్లాంట్ వైపు 3 మందికి, మందుల వైపు 34 మందికి. ఎవరూ చనిపోలేదు. ఇది చూసి ఎవరికైనా ఆశ పుడుతుంది, పుట్టాలి. కానీ ఆ 110 మందీ రిలాప్స్‌లు వస్తూ పోతూ ఉండే రకం ఎమ్ఎస్ ఉన్నవాళ్లు. మందులు వాడుతూ కూడా ఏడాదిలో కనీసం రెండుసార్లు జబ్బు తిరగబెట్టినవాళ్లు. వాళ్లకు ఇచ్చిన కీమోలో బుసల్ఫాన్ లేదు. ఆ ఫలితం తెచ్చి పదిహేనేళ్లుగా నెమ్మదిగా నడక కోల్పోతున్న యాభై ఏళ్ల అమ్మకు చూపించడం న్యాయం కాదు. అమెరికా, యూరప్ ట్రాన్స్‌ప్లాంట్ సంఘాలు తమ సిఫార్సుల్లో దీన్ని మందులకు లొంగని, ఉధృతంగా ఉన్న రిలాప్సింగ్ ఎమ్ఎస్‌కు ప్రామాణిక చికిత్సగా ఒప్పుకున్నాయి. ముదిరిన దశకు అలా అనలేదు.

బాధ ఏమిటంటే, నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ ఆ ముదిరిన దశ వాళ్లవే. అది సహజం. కాలు బాగున్న కుర్రాడికి ఇంత పెద్ద చికిత్స ఎందుకనిపిస్తుంది. అన్నీ పోయాక దేనికైనా సిద్ధమవుతారు. ఈ చికిత్సకు తగిన సమయం ఇంకా పోగొట్టుకోవడానికి చాలా ఉన్నప్పుడే అని ఒక ఇంటివాళ్లకు చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు మనసు మనసులో ఉండదు. అయినా చెబుతాను.

చెప్పకపోతే వాళ్లు చేరేది ఇంకో చోటికి. నడుము నుంచి తీసిన మజ్జనో, కొవ్వు నుంచి తీసిన కణాలనో, బొడ్డుతాడు కణాలనో వెన్నులోకి ఎక్కిస్తాం, కీమో అక్కర్లేదు, సైడ్ ఎఫెక్టులే లేవు అని చెప్పే క్లినిక్‌లు మన ఊళ్లలోనూ ఉన్నాయి. ఇది ట్రాన్స్‌ప్లాంట్ కాదు. వేరే కణాలు, వేరే పని. ఎమ్ఎస్‌లో ఇలా మజ్జ, కొవ్వు లాంటివాటి నుంచి తీసే మీసెంకైమల్ కణాలు పనిచేస్తాయా అని 9 దేశాల్లో 144 మందితో జరిపిన మెసెమ్స్ ట్రయల్ 2021లో బయటికొచ్చింది. ఆ కణాలను జాగ్రత్తగా, నాణ్యంగా తయారుచేసి ఇస్తే కూడా మెదడులో కొత్త వాపు మచ్చలు తగ్గలేదు. సైడ్ ఎఫెక్టుల్లేవన్న మాటకు జవాబు 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. పక్షవాతం వచ్చిన 66 ఏళ్ల అమెరికన్ ఒకాయన చైనా, అర్జెంటీనా, మెక్సికో వెళ్లి వెన్నులోకి మూలకణాలు ఎక్కించుకున్నాడు. ఆ తర్వాత వెన్నులో గడ్డ పెరిగి కాళ్లు పడిపోయాయి. గడ్డలోని కణాలను పరీక్షిస్తే, అవి ఆయనవి కావు, వేరే మనిషివి. ఆయనది ఎమ్ఎస్ కాదు, కానీ వెన్నుపాముకు ఆ తేడా తెలియదు. రక్తాన్ని పుట్టించే మూలకణాల మార్పిడి తప్ప మిగతా మూలకణ చికిత్సలను ట్రయల్ బయట రోగులకు చేయకూడదని మన ఐసీఎమ్ఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల్లో స్పష్టంగానే ఉంది. ట్రయల్ అయితే రోగి దగ్గర డబ్బు తీసుకోరు. ఎవరైనా లక్షలు అడిగి దాన్ని ట్రయల్ అంటున్నారంటే లేచి వచ్చేయండి.

నాతో వాదించేవాళ్లు ఒక మాట అంటారు. ఇవన్నీ ముందే చెబితే భయపడి అసలు చేయించుకోవాల్సినవాళ్లు కూడా వెనక్కు తగ్గుతారని. నేను చూసింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. చెప్పనందువల్లే ఏటీజీ రాత్రి మేం దాదాపు "ఆపేయండి, ఇంటికి తీసుకెళ్తాం" అనేదాకా వెళ్లాం. మూలకణాలు తీసి దాచాక, కీమో మధ్యలో ఆపడమంటే ప్రాణాలతో చెలగాటమే. ముందే తెలిసిన కుటుంబం ఆ రాత్రి తడిగుడ్డ వేసుకుంటూ, జ్వరం దిగేదాకా చూస్తూ కూర్చుంటుంది.

ఇంకో మాట కూడా అంటారు, ఒక్కసారి చేయించుకుంటే జీవితాంతం మందుల ఖర్చు తప్పుతుందని. మన కుటుంబాలకు ఇది చాలా బరువైన మాట, నేను తేలిగ్గా తీసుకోను. కానీ పోల్చాల్సింది ఏ మందూ లేకపోవడంతో కాదు, ఇప్పుడు దొరికే బలమైన మందులతో. 2023లో ట్రాన్స్‌ప్లాంట్ అయినవాళ్లను, మందులు వాడేవాళ్లను పోల్చిన ఒక పెద్ద అంతర్జాతీయ అధ్యయనంలో, ఫింగోలిమోడ్ అనే మందుకంటే ట్రాన్స్‌ప్లాంట్ స్పష్టంగా మెరుగ్గా కనిపించింది. ఓక్రెలిజుమాబ్ అనే మందుతో పోలిస్తే, చూసినంత కాలంలో తేడా కనిపించలేదు. అదే కోవకు చెందిన రిటుక్సిమాబ్‌కు బయోసిమిలర్‌ను (దాదాపు అదే పనిచేసేలా వేరే కంపెనీ తయారుచేసే మందును) 2007లో మార్కెట్‌లోకి తెచ్చింది మన హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్. ఎమ్ఎస్‌కు దాన్ని స్వీడన్‌లో విరివిగా వాడుతున్నారు, మన న్యూరాలజిస్టులు కూడా రాస్తున్నారు. అది సరిగా వాడి చూడకుండానే నేరుగా ట్రాన్స్‌ప్లాంట్‌కు వెళ్లమంటే ఎందుకని అడిగే హక్కు మీకుంది. దానికీ లొంగకపోతే అప్పుడు ఆలస్యం చేయొద్దు. ఈ రెండు మాటలకూ పొసగదని మీకనిపించవచ్చు, కానీ రెండూ ఒకే రోగికి వేర్వేరు నెలల్లో వర్తించే మాటలు.

ఫోన్ చేసేవాళ్లకు చివర్లో నేను చెప్పేది ఇది. అడ్మిట్ అయ్యే ముందే న్యూరాలజిస్ట్ దగ్గర నడక వేగం, చేతివేళ్ల నేర్పు, చూపు, జ్ఞాపకశక్తి పరీక్షలు చేయించి కాగితం మీద రాయించుకోండి. అది లేకపోతే తర్వాత ఏది పోయిందో, ఏది ముందునుంచే లేదో ఎవరూ చెప్పలేరు. ఏ కీమో పద్ధతి వాడుతున్నారు, దానికి మెదడు మీద ప్రభావం ఎంత, ఫిట్స్ రాకుండా ఏం ఇస్తున్నారు అని హెమటాలజిస్ట్‌ను పేరుపెట్టి అడగండి. బాక్లోఫెన్ వాంతైతే ఏం చేస్తారో అడగండి. మంచం మీద ఉన్న రోజుల్లో ఫిజియోథెరపిస్ట్ గదిలోకి వస్తారా, డిశ్చార్జ్ తర్వాత ఎన్నాళ్లు చూస్తారని అడగండి. పండక్కో పెళ్లికో అప్పటికి లేచి తిరుగుతారని ఎవరికీ మాట ఇవ్వకండి. మొదటి ఆరు నెలలు లక్షణాలు ఎక్కువా తక్కువా అవుతూనే ఉంటాయి, ఆ నెలల్లో చూసి ఫలితం తేల్చకండి. అన్నిటికంటే ముందు, జ్వరం వచ్చి కాలు పడిపోయిన రాత్రి పదింటికి పిలిస్తే మంచం దగ్గరికి వచ్చే న్యూరాలజిస్ట్ ఆ ఆసుపత్రిలో ఉన్నారో లేదో, ఆయన పేరేమిటో కనుక్కుని, ఆ తర్వాతే అడ్వాన్స్ కట్టండి.